ఉప్పునీటి ట్యాంకు మీద లైటు

ఉప్పునీటి ట్యాంకులకు సొంతంగా లైట్లు చేసుకుందామని, కుదిరితే దాన్నే పనిగా పెట్టుకుందామని అనుకునేవాళ్లు ఈమధ్య నాకు ఫోన్ చేస్తున్నారు. అందరూ అడిగేది దాదాపు ఒకటే. ఎన్ని ఎల్‌ఈడీ చిప్పులు వెయ్యాలి, అందులో నీలం ఎన్ని, తెలుపు ఎన్ని. దానికి జవాబు పది నిమిషాల్లో చెప్పేస్తాను. ఫోన్ పెట్టేశాక మాత్రం, అసలు చెప్పాల్సింది చెప్పలేదే అనిపిస్తుంది. చేతులు వణుకుతున్నాయని సోల్డరింగ్ మానేసి ఏడాది దాటింది. తీరిక ఉంది కాబట్టి రాస్తున్నాను.

మొదట నేను విలేకరిని. గుంటూరులో ఒక దినపత్రికకు పన్నెండేళ్లు మిర్చి యార్డు వార్తలు రాశాను. ఏ రకం ఎంత పలికింది, ఎన్ని టిక్కీలు, అంటే కాయ బస్తాలు, దిగాయి, ఏ కోల్డ్ స్టోరేజీ ముందు లారీలు బారులు తీరాయి, ఇవే నా వార్తలు. మా డెస్క్ ఇన్‌చార్జి కోపిష్టి. కాగితం నా వైపు తోసి, ఇందులో చూసిందెంత, అనుకున్నదెంత అని అడిగేవాడు. అనుకున్నది కొట్టేస్తే ఒక్కోసారి ఊరి పేరూ తేదీ మాత్రమే మిగిలేవి. ఆయన్ని ఇష్టపడ్డానని చెప్పలేను. కానీ జేబులో నోటు పుస్తకం పెట్టుకునే అలవాటు ఆయన చలవే.

పత్రిక పేజీలు తగ్గించినప్పుడు నా ఉద్యోగం పోయింది. ఆఫీసు కిందే మస్తాన్ బాబాయ్ కొట్టు ఉండేది. మోటార్లు చుట్టడం, ఇన్వర్టర్లు బాగుచెయ్యడం ఆయన పని. రోజూ వెళ్లి టీ తాగుతూ కూర్చునేవాణ్ణి. ఒకరోజు ఆయన నా చేతిలో స్క్రూడ్రైవర్ పెట్టి, "కూర్చునేది ఎట్టాగూ కూర్చుంటున్నావు, ఈ మూత ఇప్పరా" అన్నాడు. విప్పాను. ఆ తర్వాత పదిహేనేళ్లు అక్కడే ఉన్నాను.

వెలుగే తిండి

మామూలు ట్యాంకులో లైటు మనం చేపల్ని చూడ్డానికి. సముద్రపు ట్యాంకులో సంగతి వేరు. పగడపు జీవాల ఒంట్లో కంటికి కనపడని నాచు ఉంటుంది. అది వెలుగు తీసుకుని తిండి తయారు చేస్తుంది, ఆ తిండితో ఆ జీవం బతుకుతుంది. అందుకే ఈ పనిలో లైటు అంటే అలంకారం కాదు, అన్నం. విదేశాల నుంచి వచ్చే లైటు కొనాలంటే ఒక్కోసారి ట్యాంకు కంటే అదే ఎక్కువవుతుంది. అది భరించలేనివాళ్లు మా దగ్గరికి వచ్చేవాళ్లు.

మేం చేసిందాంట్లో గొప్ప రహస్యం లేదు. పాత ఇన్వర్టర్లలోంచి తీసిన, వేడి లాగే రెక్కల అల్యూమినియం దిమ్మలు, వాటికి బిగించిన చిప్పులు, కరెంటు నిలకడగా ఇచ్చే డ్రైవర్, పైన ఒక ఫ్యాను. చిప్పు చచ్చేది కరెంటుతో కాదు, వేడితో అని బాబాయ్ రోజూ అనేవాడు. కింద అక్రిలిక్ పలక తప్పకుండా వెయ్యాలి. నీటి తుంపర పైకి లేచి ఎండి ఉప్పు పేరుకుంటుంది, రెండు నెలల్లో సోల్డరింగ్ అంతా పచ్చగా తినేస్తుంది. వైరు ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి ఎక్కాలి. నీటిబొట్టు వైరు వెంట జారినా ఆ వంపు దగ్గర నేల మీద పడాలి కానీ ప్లగ్గులోకి పోకూడదు. షాకు తగిలితే వెంటనే కరెంటు ఆపేసే లీకేజీ బ్రేకర్ ఇంట్లో లేకపోతే బాబాయ్ లైటు ఇచ్చేవాడు కాదు. ట్యాంకు ఉన్న ఇంట్లో మనిషి చెయ్యి ఎప్పుడూ తడిగానే ఉంటుందనేవాడు.

ఇంకో మాట ఇక్కడే చెప్పెయ్యాలి. రాతి పగడాలను సముద్రంలోంచి తీసి ఇంట్లో పెట్టుకోవడం మన దేశంలో నేరం. అలాంటి ట్యాంకు అని తెలిస్తే మేం లైటు చెయ్యలేదు. మీరూ చెయ్యకండి. గుండీల్లా పరుచుకునే మెత్తటి జీవాలు, పువ్వుల్లా విచ్చుకునే అనిమోన్లు ఉన్నాయి. వాటి అందం వాటిది.

కొనేవాళ్లు చాలామంది వెలుగు కోరేది తమ కోసం, జీవాల కోసం కాదు. సింగరాయకొండ దగ్గర హైవే మీద ఒక హోటలు యజమాని, తినడానికి వచ్చినవాళ్లకి కనపడాలని పొద్దున టిఫిన్ల దగ్గర్నుంచి మూసేదాకా లైటు వెలగాలన్నాడు. వద్దని తెలిసీ అలాగే పెట్టి ఇచ్చాం. నెల తిరిగేసరికి ట్యాంకులో అన్నీ సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి. వెలుగు ఎక్కువైనా అవి బతకవు. ఆయన మమ్మల్ని తిట్టాడు. తిట్లు తినాల్సిందే. తెలిసినవాడు గట్టిగా చెప్పకపోతే తెలియనివాడిది తప్పెట్లా అవుతుంది?

సత్తెనపల్లి ఇల్లు

నేను అసలు చెప్పాలనుకున్నది ఇది.

సుందరరావు సత్తెనపల్లిలో పత్తి జిన్నింగ్ మిల్లులో ఫిట్టరు. యాభై ఏళ్లు ఉంటాయి. ఆయన భార్య భవానిది కొత్తపట్నం. పల్లెపాలెంలో పుట్టి, పడవల మధ్య పెరిగి, పెళ్లయ్యాక ఈ నల్లరేగడి నేలలోకి వచ్చింది. నలభై ఆరేళ్ల వయసులో ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. మాట కూడా దాదాపు పోయింది. మిగిలిన నాలుగైదు మాటల్లో ఒకటి సముద్రం. ప్రయాణం చేయించొద్దని డాక్టరు చెప్పాడు.

"మా ఆవిడకి సముద్రం కావాలంటండి. ట్యాంకు చేయించగలను. లైటే నా వల్ల కాటల్లేదు" అన్నాడు సుందరరావు, మా కొట్టు మెట్ల మీద నిలబడి.

దసరా వెళ్లాక లైటు బిగించాం. ముందు గదిలో ఆమె మంచానికి ఎదురుగా మూడడుగుల ట్యాంకు. నీళ్లు కొత్తపట్నం నుంచే వచ్చేవి. భవాని తమ్ముడు పడవ మీద లోపలికి వెళ్లి, నీళ్లు తేటగా ఉన్న చోట క్యాన్లు నింపి, చేపల వ్యానులో పంపేవాడు. ట్యాంకులో ఆకుపచ్చ గుండీల్లాంటి మెత్తటి పగడాలు, అరచేయంత అనిమోన్, తెల్లచారలున్న నారింజరంగు చేపలు రెండు, ఒక ఎర్రచారల రొయ్య. లైటు నాలుగు గొలుసుల మీద వేలాడేది. దాని నెత్తిన ఫ్యాను గదిలో గాలి లాగి చిప్పుల మీదుగా కిందికి ఊదేది.

భవాని ట్యాంకు చూస్తూ తినేది. చేపలు అనిమోన్‌లోంచి బయటికి వచ్చినప్పుడల్లా ఒక ముద్ద. సుందరరావు అదను చూసి పెట్టేవాడు. జనవరికల్లా గిన్నెడన్నం తింటోందని, ముఖం కాస్త తేటపడిందని ఫోన్‌లో చెప్పాడు. నాకు చాలా గర్వంగా అనిపించింది.

ఫిబ్రవరిలో మళ్లీ ఫోన్ వచ్చింది. గుండీలనూ అనిమోన్‌నూ ఆయన పువ్వులనేవాడు. అవి ముడుచుకుంటున్నాయట. మర్నాడే వెళ్లాను.

వాళ్ల ప్రహరీ పక్కన కొత్తగా రేకుల షెడ్డు వేశారు. అందులో ఇరవై ముప్పై మంది ఆడవాళ్లు కాయల గుట్టల చుట్టూ కూర్చుని మిరప తొడిమలు తీస్తున్నారు. పాత అలవాటు కొద్దీ ఆగి, కాయ ఏ రకం, ఎక్కణ్ణుంచి వచ్చింది, తేమ ఎంత ఉంది అని అడిగాను. వాళ్ల ముఠా మేస్త్రి ఏసమ్మ నన్ను పైనుంచి కిందికి చూసి, కొంటావా, ఊరికే అడుగుతున్నావా అంది. ఊరికేనని చెప్పి లోపలికి వెళ్లాను.

ఫోన్‌లో ఉన్న యాప్‌తో వెలుగు కొలిచాను. అక్టోబరు కంటే తగ్గింది. అక్రిలిక్ మీద ఉప్పు మసక ఉంది. సుందరరావు పక్కనే నిలబడి తనకు తోచినవన్నీ చెబుతున్నాడు. కరెంటు పోతోందన్నాడు, రెండు రోజుల కిందట రొయ్య చచ్చిపోయిందన్నాడు. నేను తల ఊపుతూ నా పని చేసుకున్నాను. పలక తుడిచి, ఆరు చిప్పులు కొత్తగా వేశాను. వేడి పెరుగుతుందని రెండో ఫ్యాను బిగించాను. ముందు వైపు అద్దం దగ్గరున్న గుండీలకు వెలుగు బాగా అందాలని ముందు గొలుసులు రెండు లంకెలు పైకెత్తి, లైటును కాస్త వాల్చాను. గది కొత్త పెళ్లింట్లా వెలిగిపోయింది. సంతోషంగా బస్సెక్కాను.

రెండోసారి

పది రోజులకు సుందరరావు ఫోన్ చేశాడు. గుండీలు సగం కరిగిపోయాయి. అనిమోన్ నిమ్మకాయంత అయింది.

"అది కాదండి నా బాధ. మీరు వచ్చి వెళ్లిన కాణ్ణుంచీ ఆమె గోడవైపుకి తిరిగి పడుకుంటోంది. ముద్ద నోటి దగ్గరికి తీసుకెళ్తే కళ్లు మూసేసుకుంటోంది. నాలుగు చెంచాలు తింటే ఎక్కువ" అన్నాడు.

ఇలాగే ఉంటే ముక్కులోంచి గొట్టం వెయ్యాల్సి వస్తుందని డాక్టరు చెప్పాడట. ఆ పువ్వులు చచ్చిపోతుంటే చూడలేక అటు తిరిగిందని సుందరరావు నమ్మాడు. నేనూ అదే అనుకున్నాను. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ అదే అన్నారు.

ఈసారి మస్తాన్ బాబాయ్ కూడా వచ్చాడు. భవాని గోడవైపు తిరిగి ఉంది. మేం వచ్చామని చెప్పినా కదల్లేదు. లైటు దింపి వరండాలో పెట్టి ఫ్యాన్లు విప్పాను. రెక్కల మీద ఇటుకపొడి రంగులో దుమ్ము, నూనెజిడ్డుతో అట్టకట్టి ఉంది. బొటనవేలితో తుడిచాను. అదే చేత్తో, ఆలోచన లేకుండా, కన్ను నలుపుకున్నాను.

"ఏమైందిరా?" అన్నాడు బాబాయ్.

"కారం" అన్నాను, కుళాయి వైపు తడుముకుంటూ.

నేను కన్ను కడుక్కుని వచ్చేదాకా ఆగి, "పన్నెండేళ్లు మిరపకాయల్లో తిరిగినోడివి. ఘాటు తెలీలేదంట్రా నీకు?" అన్నాడు.

"ఘాటు తెలిస్తే గుంటూరులో ఎట్టా బతుకుతాం బాబాయ్?"

నవ్వాడు కానీ అది నవ్వే మాట కాదు. షెడ్డులో కాయ కదిపినప్పుడల్లా దుమ్ము లేచి కిటికీలోంచి గదిలోకి వస్తోంది. గదిలో అందరూ దగ్గుతున్నారు, ఎవరికీ అది వింతగా లేదు. మా ఫ్యాను ఆ దుమ్మును పోగుచేసి నేరుగా నీటి మీదికి ఊదింది. నేను వచ్చి రెండో ఫ్యాను బిగించి దాన్ని రెట్టింపు చేసి వెళ్లాను. చెడు చేసింది కారమా, కాయ మీద చేలో కొట్టిన మందా, నేను చెప్పలేను. పరీక్ష చేయించలేదు. కానీ పురుగును చంపే మందుకు రొయ్య కూడా చస్తుంది, చేప కాస్త తట్టుకుంటుంది. వెలుగు తక్కువైతే రొయ్య చావదు. సుందరరావు ఆ మాట మొదటి రోజే నా చెవిన వేశాడు. ఆ రోజు నోటు పుస్తకం పేజీ నా దగ్గర ఇప్పటికీ ఉంది. కరెంటు పోయిన వేళలన్నీ రాసి ఉన్నాయి. రొయ్య మాట లేదు. లైటు పనివాడికి లైటుకు సంబంధించిన మాటలే వినపడతాయి. ఈ పనిలోకి వచ్చేవాళ్లు ఇంకేం గుర్తుపెట్టుకోకపోయినా ఇది గుర్తుపెట్టుకోండి.

సంగతి తెలియగానే సుందరరావు వెళ్లి కిటికీ మూసేశాడు. వెంటనే లోపల్నుంచి చప్పుడు వచ్చింది. భవాని ఎడమచేత్తో గోడను కొడుతోంది. ఆపకుండా కొడుతోంది. ఆ చప్పుడు విని ఏసమ్మ ప్రహరీ దగ్గరికి వచ్చింది.

"కిటికీ ఎందుకేసారయ్యా? పొద్దస్తమానం మా ఊసులన్నీ వింటది ఆ తల్లి. మేం ఏదన్నా అడిగితే గోడ మీద కొడద్ది. ఒకటి కొడితే అవును, రెండు కొడితే కాదు" అంది.

అప్పుడు తెలిసింది మాకు. సుందరరావు మిల్లుకు వెళ్లాక ఆ ఇంట్లో మాట వినిపించేది ఆ కిటికీలోంచే. ఎవరి కోడలు అలిగింది, ఎవరి మేక ఎవరి చేలో పడింది, ఆ కబుర్లన్నీ భవానికి తెలుసు. మేం దుమ్ము సంగతి చెప్పాక ఏసమ్మ షెడ్డు అవతలి చివరికి జరుగుతామంది. కానీ అంత దూరం జరిగితే మాట వినపడదు. దుమ్ము మాత్రం ఎలాగూ వస్తుంది.

సుందరరావు మా ఇద్దరి వంకా చూశాడు. పువ్వులు కావాలంటే కిటికీ మూయాలి, కిటికీ తెరిస్తే పువ్వులు పోతాయి. రెంటిలో ఏది తీసేసినా ఆమెకు ఏం మిగులుతుంది?

మస్తాన్ బాబాయ్ వెళ్లి కిటికీ తనే తెరిచాడు. "తప్పు లైటుదండి. దాన్ని మారుద్దాం. కిటికీ జోలికి పోమాకండి" అన్నాడు.

నాలుగు రోజుల్లో ఫ్యాను లేని లైటు చేశాం. తలుపులకు వాడే అల్యూమినియం సెక్షన్లు పక్కపక్కన బోల్టులతో బిగిస్తే, ఆ వెడల్పుకే వేడి పోతుంది. చిప్పులు ఎక్కువ వేసి, ఒక్కోదానికి కరెంటు తక్కువ ఇచ్చాం. ట్యాంకు మీద అద్దం మూత వేసి, వెనకవైపు సన్నగా సందు వదిలాం. దుమ్ము పీల్చకుండా గాలి పంపు వంటింట్లో పెట్టి గొట్టం మాత్రం ఇక్కడికి లాగాం. నీటిలో కలిసిన విషాన్ని పీల్చుకోవడానికి బొగ్గు సంచి వేలాడదీశాం. కొత్తపట్నం నుంచి మూడు విడతలు నీళ్లు తెప్పించి కొంచెం కొంచెంగా మార్చాం. లైటును పాత గొలుసులకే, అవే లంకెల దగ్గర తగిలించి వచ్చాను.

మూడోసారి

మూడు వారాలయ్యాక సుందరరావు ఫోన్ చేసి, మిగిలిన గుండీలన్నీ విచ్చుకున్నాయని, అనిమోన్ మళ్లీ అరచేయంత అయిందని చెప్పాడు. గొంతులో సంతోషం లేదు.

"ఆమె మాత్రం ఇటు తిరగట్లేదండి. చూడమంటే కళ్లు మూసుకుంటోంది. సోమవారం ఆసుపత్రికి తీసుకురమ్మన్నారు, గొట్టానికి" అన్నాడు.

ఒక్కణ్ణే వెళ్లాను. ట్యాంకు చూస్తే నా పని అయిపోయినట్టే. ఇంత బాగా విచ్చుకున్న గుండీలను నేను ఏ ఇంట్లోనూ చూడలేదు. కానీ ఆ ట్యాంకు ఎవరి కోసం పెట్టామో, ఆ మనిషి వీపు మాకు ఎదురుగా ఉంది. కూర్చుని ఆలోచించాను. ఇన్ని రోజుల్లో నేను సుందరరావును అడిగాను, ఏసమ్మను అడిగాను, యాప్‌ను అడిగాను. మంచం మీది మనిషిని ఒక్కసారి కూడా అడగలేదు. మాట రాదని మేమే అనుకున్నాం.

కుర్చీ మంచం దగ్గరికి లాక్కున్నాను.

"చెల్లెమ్మా, అటెందుకు తిరిగావు?"

సుందరరావు ఏదో చెప్పబోయాడు. ఆగమని చెయ్యి చూపించాను. బయట షెడ్డులో ఆడవాళ్లు ఎవరి పెళ్లి గురించో వాదించుకుంటున్నారు. నేను లేవబోతుంటే ఆమె పెదవులు కదిలాయి.

"కళ్లల్లో…" అంది. ఊపిరి తీసుకుంది. "కొడతంది."

"ఏం కొడుతోందమ్మా?"

ఎడమచెయ్యి లేచింది. చూడకుండానే, వీపు వెనకున్న లైటు వైపు వేలు చూపించింది.

మోకాళ్ల మీద కూర్చుని, ఆమె తలగడ పక్కన నా తల ఆనించి ట్యాంకు వైపు చూశాను. చూడలేకపోయాను. ఫిబ్రవరిలో వాల్చిన లైటు ఆ తలగడకు గురిపెట్టినట్టు ఉంది. చిప్పులన్నీ సూదుల్లా కళ్లలో దిగుతున్నాయి. గదిలో నిలబడ్డవాళ్లకి, కుర్చీలో కూర్చున్నవాళ్లకి అది కనపడదు. ట్యాంకు ముందు మేమందరం నిలబడే చూశాం. ఆమె ఒక్కతే పడుకుని చూడాల్సిన మనిషి.

నేను ఏమన్నానో గుర్తు లేదు. క్షమించమన్నానేమో. సుందరరావు వెళ్లి నిచ్చెన తెచ్చాడు.

నిచ్చెన వేసుకుని ముందు గొలుసులు రెండు లంకెలు కిందికి దింపాను. సంచిలో నాలుగువేళ్ల వెడల్పున్న అల్యూమినియం రేకు ముక్క ఉంది. దాన్ని లైటు ముందు అంచుకు అడ్డంగా పట్టుకుని, కొంచెం కొంచెం కిందికి జరుపుతూ అడిగాను.

"ఇప్పుడో?"

"ఇంకా" అంది, గోడవైపు నుంచే, గోడకు తగిలి మూసిన రెప్పల మీద పడే వెలుగును బట్టి.

జరిపాను.

"ఇంకా."

మరో వేలెడు జరిపాను. తలగడ మీద నీడ పడింది.

"చాలు" అంది.

కాసేపటికి ఆమె తల మెల్లిగా, ఆగి ఆగి ఇటు తిరిగింది. కళ్లు తెరిచింది. చేపలు రెండూ అనిమోన్‌లోకి దూరుతూ వస్తూ ఉన్నాయి. సుందరరావు వంటింట్లోకి వెళ్లాడు. మూత తీసిన చప్పుడు, గిన్నెలో చెంచా చప్పుడు వినిపించాయి.

రేకుకు ఇంకా స్క్రూలు బిగించలేదు. బిగించాలంటే ఒక్క క్షణమైనా దాన్ని తియ్యాలి. అలాగే చేత్తో పట్టుకుని, ఆమె గిన్నె ఖాళీ చేసేదాకా నిచ్చెన మీదే నిలబడ్డాను.